ఇంగ్లిష్ మీడియం ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇంట్లో లెక్కలు, ఇంగ్లిష్ నేర్పడం ఎలా?

"మేం తెలుగు మీడియంలో చదివాం. పిల్ల ఇంగ్లిష్ మీడియంలో ఉంది. ఇంట్లో ఏం చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో తెలియడం లేదు." జూన్‌లో బడులు తెరిచింది మొదలు తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే.

ముందు ఒక మాట. మీ ఇంగ్లిష్ అంతంతమాత్రం అయినా పర్వాలేదు. బడిలో చెప్పిందే ఇంట్లో ఇంకోసారి చెప్పడం మీ పని కాదు. అది ట్యూషన్ అవుతుంది, ఏడుపుతో ముగుస్తుంది. నలభై మంది ఉన్న క్లాసులో టీచర్‌కు కుదరని పనులు రెండున్నాయి. ఒకటి, ప్రతి పిల్ల చేతికీ వస్తువులిచ్చి లెక్కపెట్టించడం. రెండోది, అర్థమైందో లేదో పిల్ల నోటితో, తెలుగులోనే చెప్పించుకుని తెలుసుకోవడం. ఇంట్లో చేయాల్సింది ఈ రెండే.

ఇక్కడ రాసింది అయిదు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లల కోసం.

కావలసినవి

• చింతపిక్కలు వంద. కడిగి, ఎండబెట్టినవి.
• కొబ్బరి చీపురు పుల్లలు నూట అయిదు, వేలెడు పొడవున విరిచినవి. కొసలు గుచ్చుకోకుండా గీరేయండి. దొరక్కపోతే ఐస్‌క్రీం పుల్లలు. వాటితోపాటు రబ్బరు బ్యాండ్లు పదకొండు.
• ముప్ఫై గుడ్లు పట్టే అట్టలు రెండు. మరకల్లేనివి ఏరుకుని, ఒక పూట ఎండలో పెట్టండి. ఒకదాన్ని రెండేసి వరసలుగా కత్తిరిస్తే, అయిదేసి గుంటల వరసలు రెండున్న ముక్కలు మూడు వస్తాయి. అంటే ముక్కకు పది గుంటలు. రెండో అట్టను కత్తిరించకండి, ఎక్కాలకు కావాలి.
• రూపాయి బిళ్లలు ఇరవై, పది రూపాయల నోట్లు తొమ్మిది.
• పలక, చాక్‌పీసు.
• పాత శుభలేఖలు. వెనకవైపు తెల్లగా ఉంటుంది కాబట్టి అక్షరాల కార్డులకు సరిపోతాయి. చీటీ అంత ముక్కలుగా కత్తిరించండి.

జాగ్రత్త: ఇంట్లో మూడేళ్లలోపు బిడ్డ ఉంటే చింతపిక్కలు, బిళ్లలు కింద వదిలేయకండి. నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి, ముక్కులో దూర్చుకునే పిల్లలూ ఉన్నారు. పని అయ్యాక లెక్కపెట్టి డబ్బాలో వేయించండి. అదీ లెక్కే.

సమయం: రోజుకు లెక్కలు పది నిమిషాలు, ఇంగ్లిష్ పది నిమిషాలు, వారానికి అయిదు రోజులు. ఆదివారం గంటసేపు కూర్చోబెట్టినా దీనికి సాటిరాదు. బడి నుంచి రాగానే వద్దు, ఏదైనా తిని కాసేపు ఆడుకున్నాక మొదలుపెట్టండి. నిద్ర ముంచుకొచ్చే వేళ అసలే వద్దు.

లెక్కలు

1. ఇరవై వరకు వేలు పెట్టి లెక్కించడం

వంద వరకు గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా పన్నెండు పిక్కలు లెక్కపెట్టమంటే పదకొండనో పదమూడనో అంటారు. నోరు ముందు పోతుంది, వేలు వెనకపడుతుంది. అందుకే లెక్కపెట్టిన పిక్కను పక్కకు జరిపించండి. కదలని వస్తువైతే (మెట్లు, కిటికీ ఊచలు) తాకుతూ చెప్పించండి.

వచ్చిందో లేదో చూడటానికి: లెక్కపెట్టడం అయిపోగానే "మొత్తం ఎన్ని?" అని అడగండి. వెంటనే "పన్నెండు" అంటే వచ్చినట్టే. మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడితే, చివరి అంకే మొత్తం అన్న సంగతి ఇంకా తెలియలేదు. తర్వాత అవే పిక్కలు దూరం దూరంగా పరిచి "ఇప్పుడెన్ని?" అనండి. "ఎక్కువయ్యాయి" అంటే కంగారుపడకండి. ఇంకో రెండు వారాలు ఇక్కడే ఉండండి.

2. పదికి జతలు

గుడ్ల అట్ట ముక్కలో ఏడు గుంటల్లో పిక్కలు వేసి "పది కావాలంటే ఇంకెన్ని?" అని అడగండి. ఖాళీలు కంటికి కనిపిస్తున్నాయి కాబట్టి మూడు అని చెప్పడం తేలిక. వారం గడిచాక అట్ట తీసేయండి. పది పిక్కలు చూపించి, కొన్ని గిన్నె కింద దాచి, మిగిలినవి బయట పెట్టి లోపలెన్నో చెప్పమనండి. 9-1, 8-2, 7-3, 6-4, 5-5 జతలు ఆలోచించకుండా నోటికి వచ్చేదాకా ఈ ఆట ఆపకండి. ముందు రాబోయే కూడికలు, తీసివేతలన్నీ వీటిమీదే నడుస్తాయి.

అష్టాచెమ్మా వేసే ఇల్లయితే పని ఇంకా సులువు. వెల్లకిలా పడిన గవ్వలను చూడగానే ఎన్నో చెప్పడం, పావును అన్ని గళ్లు జరపడం, రెండూ ఇదే అభ్యాసం. అయితే మీరు జరిపి పెట్టకండి.

3. పదుల కట్టలు

అన్నిటికంటే ఎక్కువ రోజులు ఇక్కడ ఖర్చుపెట్టండి. రెండో తరగతిలో వచ్చే చాలా తప్పులకు మూలం ఇక్కడే ఉంటుంది.

పది పుల్లలు లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేయించండి. వేయాల్సింది పిల్ల, మీరు కాదు. అలా తొమ్మిది కట్టలు, విడిగా పది పుల్లలు. పలకను నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు పదులు, కుడివైపు ఒకట్లు అని రాయండి. "ముప్ఫై నాలుగు పెట్టు" అంటే ఎడమవైపు మూడు కట్టలు, కుడివైపు నాలుగు పుల్లలు పెట్టాలి. తర్వాతే వాటి కింద 34 అని రాయాలి.

ఇక్కడ ఇంగ్లిష్ మీడియం పిల్లలు చేసే తప్పు ఒకటుంది. థర్టీన్ రాయమంటే 31 రాస్తారు. మొద్దుతనమేమీ కాదు. థర్టీన్ అన్నప్పుడు చెవికి ముందు తగిలేది మూడు, అందుకే చెయ్యి ముందు 3 వేస్తుంది. తెలుగులో ఈ చిక్కు లేదు. పదమూడు, పద్నాలుగు, పదిహేను అన్నిటిలో పది ముందు పలుకుతుంది, అంకెల్లోనూ 1 ముందు వస్తుంది. కాబట్టి ఇంగ్లిష్‌లో విన్న అంకెను పిల్ల ముందు తెలుగులో అనుకుని రాయాలి: "సెవెన్‌టీన్... పదిహేడు... 17." బడిలో తెలుగు అంకెలు చెప్పకపోయినా ఇంట్లో వంద వరకు నేర్పండి, ఆ పని వృథా పోదు. ఇరవై ఒకటి నుంచి రెండు భాషల్లోనూ వరస ఒకటే కాబట్టి అక్కడ ఇబ్బంది ఉండదు.

రెండో చిక్కు థర్టీన్, థర్టీల మధ్య. చివరి న్ వినపడక తికమకపడతారు. ఫోర్టీన్, ఫోర్టీ, ఫిఫ్టీన్, ఫిఫ్టీ అని కలగాపులగంగా అంటూ ఉంటే పుల్లలు తెచ్చి ఇవ్వమనండి. ఫోర్టీన్‌కు ఒక కట్ట, నాలుగు పుల్లలు. ఫోర్టీకి నాలుగు కట్టలు. తెచ్చిన పుల్లల బరువే తేడా చెబుతుంది, మీరు దిద్దాల్సిన అవసరం రాదు.

మూడో తప్పు వంద దాటాక వస్తుంది. నూట అయిదు రాయమంటే 1005 రాస్తారు. వందకు 100, పక్కన 5, విన్నది విన్నట్టు రాసేశారు. పదేసి కట్టలు పది కలిపి పెద్ద కట్ట చేసి, పలకను మూడు భాగాలు చేసి, మధ్య భాగం ఖాళీగా ఉందని చూపించండి. ఆ ఖాళీకి రాసే గుర్తే సున్నా.

వచ్చిందో లేదో చూడటానికి: 42 రాసి, 4ను తాకి "ఇది ఎన్ని పుల్లలు?" అని అడగండి. "నలభై" అనాలి. "నాలుగు" అంటే కూడికలకు వెళ్లకండి.

బడి ఎంతదాకా ఆశిస్తుందో తెలియాలంటే, 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ (చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూసే కార్యక్రమం) లక్ష్యాలు చూడండి. ఒకటో తరగతి చివరికి 99 వరకు, రెండో తరగతి చివరికి 999 వరకు, మూడో తరగతి చివరికి 9999 వరకు అంకెలు చదవడం, రాయడం రావాలి. ఎల్‌కేజీలో వెయ్యి వరకు రాయిస్తున్నారని గొప్పగా చెప్పుకునే చోట్ల పిల్లలకు 42లో 4 అంటే ఎంతో తెలుసో లేదో ఒకసారి అడిగి చూడండి.

4. పది దాటే కూడికలు

8 + 5 అడిగితే చాలామంది పిల్లలు వేళ్ల మీద "ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు" అని పన్నెండు దగ్గర ఆగుతారు. జవాబుకు ఒకటి తక్కువ వస్తోందంటే కారణం ఇదే, మొదటి వేలును ఎనిమిది అని లెక్కపెట్టేస్తున్నారు. పిడికిలి బిగించి గుండెకు ఆనించి "ఎనిమిది ఇక్కడుంది" అనిపించండి. ఆ తర్వాత వేలు తెరుస్తూ "తొమ్మిది" నుంచి మొదలుపెట్టాలి.

అది కుదిరాక వేళ్లు మాన్పించే దారి ఇది. అట్ట ముక్కలో ఎనిమిది పిక్కలు, పిల్ల చేతిలో అయిదు. రెండు ఖాళీలు నింపమనండి. అట్ట నిండింది, చేతిలో మూడు మిగిలాయి. పది, మూడు, పదమూడు. రెండో మెట్టులో జతలు గట్టిగా వచ్చి ఉంటే ఇది రెండు మూడు రోజుల పని. రాకపోతే నెల పట్టినా రాదు, వెనక్కి వెళ్లండి.

వేళ్ల మీద లెక్కపెట్టవద్దని మాత్రం కొట్టకండి, అరవకండి. పిల్లలు చేతులు బల్ల కింద దాచుకుని అదే పని చేస్తారు.

5. పక్క నుంచి తెచ్చుకునే తీసివేతలు

42 − 17. ముందు కాగితం ముట్టుకోకుండా పుల్లలతో:

• నాలుగు కట్టలు, రెండు పుల్లలు పెట్టించండి.
• "పదిహేడు నాకియ్యి" అనండి. ముందు ఏడు విడిపుల్లలు అడగండి. రెండే ఉన్నాయి.
• ఏం చేయాలో పిల్లనే అడగండి. కాసేపు ఆగితే ఎక్కువమంది కట్ట విప్పుతారు. విప్పకపోతే చెప్పండి.
• ఇప్పుడు మూడు కట్టలు, పన్నెండు పుల్లలు. ఏడు ఇస్తే అయిదు. ఒక కట్ట ఇస్తే రెండు. మిగిలింది 25.

ఇదే పని డబ్బుతోనూ చేయించండి. పది రూపాయల నోటు మీ దగ్గర మార్చుకుంటే పది రూపాయి బిళ్లలు వస్తాయి. "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని చెప్పడం మనకు అలవాటు. కానీ అప్పు అన్న మాట పిల్లలను తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే ఇక్కడ ఎవరూ తిరిగి ఇవ్వరు. నోటు మార్చుకోవడం అని చెబితే నోటు పోయి చిల్లర వచ్చిందని, పదుల్లో ఒకటి తగ్గాలని దానంతట అదే తెలుస్తుంది.

పుల్లలతో అయిదారు లెక్కలు తడబడకుండా చేశాక కాగితం మీదికి రండి. కట్ట విప్పగానే 4 కొట్టేసి 3, వెంటనే 2 పక్కన 1 వేసి 12. చేతి పని ఒకటి, రాత ఒకటి, వెంటవెంటనే జరగాలి.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడం: 42 − 17కు 35 అని రాసింది. ఈ తప్పు రెండు రకాలుగా వస్తుంది. 7లోంచి 2 తీసి 5 రాసి ఉండొచ్చు. లేదా సరిగ్గానే 12లోంచి 7 తీసి, 4ను 3 చేయడం మరిచిపోయి ఉండొచ్చు. జవాబు చూస్తే రెండూ ఒకటే. కాబట్టి 40 − 17 ఇచ్చి చూడండి. సరైన జవాబు 23.

• 37 వస్తే: పైదీ కిందదీ తారుమారు చేసి, పెద్దదాంట్లోంచి చిన్నది తీస్తోంది. పుల్లల దగ్గరికి తిరిగి వెళ్లాలి.
• 33 వస్తే: కట్ట విప్పింది కానీ పదుల్లో ఒకటి తగ్గించలేదు. కొట్టేసి రాయడం అలవాటు చేస్తే సరిపోతుంది.
• 30 వస్తే: సున్నాలోంచి ఏమీ పోదనుకుని సున్నా వేసింది. నాలుగు కట్టలు చేతిలో పెట్టి ఏడు అడగండి.

ఇలా రకాన్ని బట్టి మందు వేయకుండా ఇంకో ఇరవై లెక్కలు ఇస్తే, తప్పును ఇరవైసార్లు సాధన చేయించినట్టే.

జవాబు సరిచూసుకోవడం పిల్లకే నేర్పండి: వచ్చినదానికి తీసేసినది కలిపితే మొదటి అంకె రావాలి. 25 + 17 = 42, వచ్చింది. 35 + 17 = 52, రాలేదు.

6. రాత లెక్కలు, ఎక్కాలు

రాత లెక్కల్లో పిల్లలు చదవరు, మాట వెతుకుతారు. "మోర్" కనిపిస్తే కూడేస్తారు, "లెఫ్ట్" కనిపిస్తే తీసేస్తారు. "రవి దగ్గర 8 గోళీలున్నాయి. అవి రాము దగ్గరున్న వాటికంటే 3 ఎక్కువ. రాము దగ్గర ఎన్ని?" దీనికి 11 అనే పిల్లలే ఎక్కువ. జవాబు 5. ముందు లెక్కను తెలుగులో కథలా చెప్పించండి, పిక్కలతో ఆడించండి, ఆ తర్వాత అంకెలు. ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటే, ముందు తెలుగు పేజీ చదివించి అర్థం చెప్పించుకుని, ఇంగ్లిష్ పేజీలో అవే మాటలు ఎక్కడున్నాయో వేలుతో చూపించమనండి. ఆల్‌టుగెదర్, లెఫ్ట్, ఈచ్, డిఫరెన్స్, హౌ మెనీ మోర్, లెస్ దేన్, షేర్: ఈ ఏడింటికి అర్థం తెలిస్తే రెండో తరగతి రాత లెక్కలు చాలావరకు నడుస్తాయి. "లెఫ్ట్" అంటే ఎడమ అని మాత్రమే తెలిసిన పిల్లలున్నారు, అడిగి చూడండి.

ఎక్కాలకు తొందర వద్దు. ముందు 2, 5, 10, తర్వాత 3, 4. కత్తిరించని గుడ్ల అట్ట తీసుకుని, వరసకు అయిదు చొప్పున ఆరు వరసలు, ముప్ఫై అని చూపించండి. అట్టను పక్కకు తిప్పితే వరసకు ఆరు చొప్పున అయిదు వరసలు, మళ్లీ ముప్ఫై. రాగం తీసి అప్పజెప్పించడం మంచిదే, కానీ మధ్యలోంచి అడిగితే మొదటి నుంచి పాడుకుని వస్తోందంటే ఎక్కం ఇంకా రాలేదని లెక్క.

ఇంగ్లిష్

7. ముందు చెవి

పుస్తకం తీయకముందు వారం రోజులు మాటలతో ఆడండి. "ప్ తో మొదలయ్యేది ఈ గదిలో ఏముంది?" అంటే పిల్లో, పెన్, ప్లేట్. తర్వాత చివరి శబ్దం: కప్ చివర ఏం వినిపించింది? ఇది చేయలేని పిల్లకు అక్షరాలు చూపించి లాభం లేదు.

8. అక్షరం పేరు వేరు, శబ్దం వేరు

"సి, ఎ, టి, క్యాట్" అని చెప్పించడం మన అలవాటు. సి, ఎ, టి కలిపితే "సీఏటీ" అవుతుంది కానీ క్యాట్ అవదు. చదవడానికి పనికొచ్చేది శబ్దం: క్, యా, ట్.

తెలుగు వచ్చిన తల్లిదండ్రులకు ఇక్కడ మంచి ఆసరా ఉంది. మన పొల్లు. క కాదు క్, ట కాదు ట్, న కాదు న్. అ చేర్చి పలికితే "క-యా-ట" అవుతుంది, అందులోంచి క్యాట్ ఎవరికీ వినపడదు. ప్, ట్, క్ పలికేటప్పుడు గొంతు వేయకుండా గాలితో వదిలేయాలి. స్, న్, మ్, ఫ్, ల్ సాగదీయొచ్చు, అందుకే వాటితో మొదలైన మాటలు తేలిక.

అచ్చుల దగ్గర జాగ్రత్త. ఫోన్ మెసేజ్‌లలో, బోర్డుల మీద తెలుగును ఇంగ్లిష్ అక్షరాలతో రాస్తాం కదా, అందులో ఎ అంటే అ, యు అంటే ఉ. ఆ అలవాటుతో క్యాట్‌ను "కట్" అని, కప్‌ను "కుప్" అని చదివేస్తారు. మొదట్లో ఈ అయిదే చెప్పండి: ఎ అక్షరానికి యాంట్‌లో యా, ఇ అక్షరానికి ఎగ్‌లో ఎ (యెగ్ అనకండి), ఐ అక్షరానికి ఇంక్‌లో ఇ, ఓ అక్షరానికి హాట్‌లో వినిపించే పొట్టి ఆ, యు అక్షరానికి కప్‌లో అ. మిగతా పలుకుబడులు తర్వాత.

వరస: ఎ నుంచి జడ్ దాకా అక్షరమాల క్రమంలో వద్దు. మొదటి వారం, రెండో వారం ఎస్, ఎ, టి, ఐ, పి, ఎన్ ఆరే చాలు. ఈ ఆరు కార్డులతోనే సిట్, పిన్, ట్యాప్, న్యాప్, టిన్, టిప్, స్యాట్, సిప్, యాంట్ అన్నీ వచ్చేస్తాయి. తర్వాత సి, కె, ఇ, హెచ్, ఆర్, ఎమ్, డి. ఆపైన జి, ఓ, యు, ఎల్, ఎఫ్, బి. చిన్న అక్షరాలే రాయండి. పుస్తకంలో పిల్ల చూసేవి ఎక్కువగా అవే.

9. కలిపి చదవడం

పిల్ల మూడు శబ్దాలూ విడివిడిగా సరిగ్గా చెప్పి, కలపమంటే ఏదో ఇంకో మాట అంటుంది. అప్పుడు మూడూ ఒకేసారి కలపమనకండి. ముందు రెండు: ప్, ఇ కలిస్తే పి. దానికి న్ చేరిస్తే పిన్. హల్లుకు అచ్చు చేరితే ఏమవుతుందో గుణింతం వచ్చిన పిల్లకు ముందే తెలుసు. తెలుగు గుణింతాలు పక్కన పెట్టేసి ఇంగ్లిష్ మీద పడటం ఎందుకు నష్టమో ఇక్కడ అర్థమవుతుంది.

తరచూ జరిగే తప్పులు:

• బొమ్మ చూసి ఊహించడం. కుక్క బొమ్మ పక్కన "పప్" అని ఉంటే "డాగ్" అని చదువుతుంది. బొమ్మ మీద చెయ్యి పెట్టి చదివించి, తర్వాత చూపించండి.
• చివర ఉ చేర్చడం. బస్సు, పెన్ను, కప్పు మన ఇళ్లలో మామూలు మాటలు, మాట్లాడేటప్పుడు తప్పేమీ లేదు. చదివేటప్పుడు మాత్రం "ప్ దగ్గర పెదాలు మూసి ఆగు" అని చెప్పండి.
• బి, డి తారుమారు. ఏడేళ్లలోపు ఇది మామూలే. రెండూ ఒకే రోజు నేర్పకండి, డి గట్టిపడ్డాక రెండు మూడు వారాలకు బి మొదలుపెట్టండి.

అన్నిటికంటే పెద్ద తప్పు మనం చేసేది: ఇంగ్లిష్ మాట కింద పెన్సిల్‌తో తెలుగులో రాసివ్వడం. పిల్ల ఆ తెలుగే చదువుతుంది. పాఠమంతా గడగడా వచ్చినట్టుంటుంది, తెలుగు చెరిపేస్తే ఒక్క మాటా రాదు. ఉచ్చారణ మీరు గుర్తుంచుకోవాలంటే మీ చీటీ మీద రాసుకోండి, పిల్ల పుస్తకంలో కాదు.

వచ్చిందో లేదో చూడటానికి: పుస్తకంలో లేని, అర్థం కూడా లేని మాటలు కార్డులతో పేర్చండి: "ట్యాస్", "నిస్", "న్యాస్" లాంటివి. చదివితే శబ్దాలు కలపడం వచ్చినట్టు. పాత మాటలే చదివి, ఇవి చదవలేకపోతే బట్టీ పట్టినట్టు.

10. శబ్దాలకు లొంగని మాటలు, స్పెల్లింగ్

ద, వాజ్, సెడ్, యు, ఆర్, వన్ లాంటివి శబ్దాలు కలిపి చదవడం కుదరదు, చూసి గుర్తుపెట్టుకోవాల్సిందే. వారానికి మూడుకు మించి ఇవ్వకండి. కార్డు మీద రాసి ఫ్రిజ్‌కో తలుపుకో అంటించండి.

స్పెల్లింగ్ అనగానే అయిదేసిసార్లు రాయించడం ఆపండి. నిలువుగా మొదటి అక్షరం అయిదుసార్లు, రెండో అక్షరం అయిదుసార్లు రాసుకుంటూ పోయే పిల్లలను చూస్తే ఆ పని ఎంత దండగో తెలుస్తుంది. దాని బదులు: మాట చూడాలి, అట్టతో మూయాలి, శబ్దాలు పలుకుతూ రాయాలి, తెరిచి తానే సరిచూసుకోవాలి. రోజుకు నాలుగు మాటలు. ఒకసారి సరిగ్గా రాస్తే చాలు.

11. పుస్తకం చదివించడం

ముందు మీరు ఒకసారి చదవండి, తర్వాత ఇద్దరూ కలిసి, చివరికి పిల్ల ఒక్కతే. యాభై మాటలున్న పేజీలో అయిదు చోట్ల కంటే ఎక్కువ ఆగితే ఆ పుస్తకం ఇప్పటికి కష్టం, పక్కన పెట్టండి. ఆగిన చోట వెంటనే అందించకండి, మనసులో అయిదు లెక్కపెట్టి, మొదటి శబ్దం మాత్రం ఇవ్వండి. చదివాక "ఇందులో ఏం జరిగింది?" అని తెలుగులో అడగండి. ఇంగ్లిష్‌లోనే చెప్పాలని పట్టుబడితే, అర్థమైన పిల్ల కూడా నోరు మెదపదు.

మీకు ఉచ్చారణ మీద అనుమానం ఉంటే, పాఠ్యపుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడ్‌ను దీక్ష యాప్‌తో (బడి పాఠాల కోసం ప్రభుత్వం పెట్టిన యాప్) స్కాన్ చేసి చూడండి. పక్కన కూర్చుని, ఒక వాక్యం వినిపించి ఆపి, పిల్లతో అనిపించండి. ఫోన్ చేతికిచ్చి వెళ్లిపోతే రెండో నిమిషానికి వేరే వీడియో నడుస్తుంటుంది.

12. మాట్లాడించడం

"హ్యాండ్స్ వాష్ చేసుకో, మిల్క్ తాగు, షూస్ వేసుకో." ఇలా మాట్లాడితే పిల్లకు ఇంగ్లిష్ అలవాటవుతుందని చాలామంది నమ్మకం. అబ్బేది నాలుగు పేర్లే, వాక్యం ఒక్కటీ రాదు. పైగా చేతులు, పాలు, చెప్పులు అన్న తెలుగు మాటలూ పోతాయి. మాట్లాడితే పూర్తి తెలుగు, లేదా పూర్తి ఇంగ్లిష్ వాక్యం.

రోజులో ఒక్క పనిని ఇంగ్లిష్‌కు కేటాయించండి, ఉదాహరణకు కంచాలు పెట్టే వేళ. "గివ్ మీ ద స్పూన్", "వేర్ ఈజ్ ద ప్లేట్?", "ఇట్ ఈజ్ ఆన్ ద టేబుల్", "డు యు వాంట్ మోర్ రైస్?" లాంటి అయిదారు వాక్యాలు రెండు వారాలు. అవి నోటికొచ్చాక పని మార్చండి.

"ఐ మిల్క్ వాంట్" అంటుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి అలాగే పేర్చుకుంది. "తప్పు" అనకుండా "ఓ, యు వాంట్ మిల్క్? హియర్ ఇట్ ఈజ్" అని సరైన వాక్యంలో జవాబివ్వండి. అమ్మను "హి" అనడం కూడా ఇలాగే సర్దుకుంటుంది.

నెలకోసారి చూసుకోవాల్సినవి

మార్కులు కాదు, ఈ అయిదు పనులు. పలక మీద తేదీ వేసి రాయించి ఫోటో తీసి ఉంచుకోండి, పోయిన నెలతో పోల్చడానికి.

• పిక్కలు గుప్పెడు పోసి, పదేసి కుప్పలు చేసి ఎన్నో చెప్పడం.
• థర్టీన్, థర్టీ, సెవెన్‌టీన్, సెవెంటీ విని రాయడం.
• 40 − 17 లాంటి సున్నా ఉన్న తీసివేత ఒకటి, సరిచూసుకోవడంతో సహా. అంకెలు ప్రతి నెలా మార్చండి.
• కొత్త మాటలు పది చదవడం. ఎనిమిది వస్తే కొత్త అక్షరాలకు వెళ్లొచ్చు.
• మీరు చెప్పిన చిన్న వాక్యం ఒకటి చూడకుండా రాయడం.

ఏదైనా రెండు నెలలు వరసగా కదలకపోతే, అదే మెట్టు మీద గంటలు పెంచకండి. ఒక మెట్టు దిగండి. తీసివేత రాకపోతే కట్టలు, కట్టలు రాకపోతే పదికి జతలు, చదవడం రాకపోతే చెవి ఆట.

అలా దిగి చేసినా మార్పు లేకపోతే ముందు కళ్లు, చెవులు చూపించండి. బోర్డు మీది అంకెలు తప్పుగా దించుకుంటున్నా, పుస్తకం మరీ దగ్గరగా పెట్టుకుంటున్నా, పిలిస్తే ఒక్కోసారి పలక్కపోతున్నా ఆలస్యం చేయకండి. ప్రభుత్వ బడులకు, అంగన్‌వాడీలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందాలు వస్తాయి. చూపు, వినికిడితోపాటు చదువు నేర్చుకోవడంలో ఇబ్బందులు కూడా వాళ్లు చూసేవాటిలో ఉన్నాయి. బృందం ఎప్పుడొస్తుందో హెడ్‌మాస్టర్‌ను అడగండి. వెళ్లేటప్పుడు నెలనెలా తీసిన ఆ ఫోటోలు వెంట తీసుకెళ్తే, పిల్ల ఎక్కడ ఆగిపోయిందో మీరు మాటల్లో చెప్పేదానికంటే వాటిలో బాగా కనిపిస్తుంది.